ఎదుటి కుర్చీ

"ఆదివారం నువ్వు బేస్ వాయించక్కర్లేదు," అన్నాడు రాయ్స్, ప్లేట్లో గుడ్ల మీద మిరియాల పొడి చల్లుకుంటూ.

తలెత్తి అనలేదు. ఆ ఇంట్లో ఏ మాటైనా ముందు ప్లేటుకు చెప్పడమే. అక్కణ్ణించి లనెల్‌కు చేరితే చేరినట్టు. ఆమె పొయ్యి దగ్గర నిలబడి రెండో కప్పులో కాఫీ పోస్తోంది. కప్పు నిండి, పొంగి, గట్టు మీదుగా కారి పాదం మీద పడేదాకా పోస్తూనే ఉంది.

"ఎందుకని?"

"టీవీ వాళ్ళొస్తున్నారు కదా, హాలు పెట్టి నూరేళ్ళయిందని. టెక్సస్ మొత్తం చూస్తుంది. కోల్బీ వాయిస్తాడు. మనిషి చూడ్డానికి బాగుంటాడు. నువ్వేమో ఈమధ్య బాగా అలిసిపోయినట్టు కనిపిస్తున్నావ్, లనెల్. రెస్టు తీసుకో. నీలం గౌను వేసుకుని ముందు వరసలో కూర్చో. 'రెండో కప్పు' పాడేముందు నీ పేరు చెప్తాలే."

చెప్తాడట! ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా పెకాన్ క్రీక్ డాన్సు హాల్లో అతని వీపు చూస్తూ తన ఎత్తుకు మించిన తీగల వాయిద్యం బేస్‌ని పట్టుకుని నిలబడిన మనిషికి ఇప్పుడు రెస్టు ఇస్తాడట. లనెల్ పాదం తుడుచుకుని కప్పు తెచ్చి అతని ముందు పెట్టింది. తన కప్పు తన ముందు పెట్టుకుని కూర్చుంది.

"ఆ పాట ఎవరిదో గుర్తుందా నీకు?" అంది.

రాయ్స్ నమిలాడు, మింగాడు, కాఫీ తాగాడు. "ట్రక్కు టైర్లో గాలి తగ్గింది. చూడాలి," అని లేచి బయటికి వెళ్ళాడు.

ఆ పాట ఈ బల్ల దగ్గరే పుట్టింది. అతను స్టేజీ మీద వేసుకునే ముత్యపు గుండీల చొక్కాలకు ఇస్త్రీ చేస్తూ, ఇస్త్రీపెట్టె నడకకు తగ్గట్టు ఒక్కో మాటా అతుక్కుంటూ పాడుకుంది లనెల్. అతను తలుపు దగ్గర బూట్లు తొడుక్కుంటూ విన్నాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. రెండు వారాల తర్వాత హాల్లో మైకు ముందు పాడేశాడు. ఆమె వెనక నిలబడి బేస్ వాయించింది. ఏం చేస్తుంది మరి? పాట మధ్యలో బేస్ ఆగిపోతే డాన్సు చేసేవాళ్ళ కాళ్ళు తడబడతాయి.

*

వృద్ధాశ్రమం లాండ్రీలో శుక్రవారం దుప్పట్ల రోజు. లనెల్ ఒక కొస, ఆమెతో అక్కడే పనిచేసే చేలో ఒక కొస పట్టుకుని విదిలిస్తారు. మడిచి, ఎదురెదురుగా నడిచి, కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి. చేలో అసలు పేరు కన్సుయేలో. లనెల్ కన్నా చిన్నది, నోరు మాత్రం చాలా పెద్దది. డ్రయ్యర్ల హోరు మీద వినిపించాలని అరిచి మాట్లాడ్డం అలవాటై చర్చిలో కూడా అరుస్తుంది.

అరమీద రేడియోలో హాలు పండగ గురించి ప్రకటన వచ్చింది. దాని వెనకాలే రాయ్స్ గొంతు, తేనెలో ముంచి తీసినట్టు:

"పొద్దున్నే రెండు కప్పులు పోస్తాను నేను,
ఒకటి నాది, ఒకటి చల్లారేది.
ఎదుటి కుర్చీ ఖాళీ... ఎదుటి కుర్చీ ఖాళీ...
నా మాట నాకే తిరిగొస్తోంది."

చేలో దుప్పటి కొస పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అదేంటక్కా? ఖాళీ అంటున్నాడేంటి?"

"ఏమంటే ఏంలే. కొస పట్టు."

"ఉండక్కా! నువ్విక్కడ రోజూ పాడే పాటేగా ఇది? నువ్వు 'ఖాళీ కాదు' అంటావ్ కదా! 'ఎదుటి కుర్చీ ఖాళీ కాదు' అని. నాకు నిద్రలో లేపినా వచ్చు. మొగుడు ఎదురుగా కూచునే ఉంటాడు, పలకడు. అదీ పాట! ఈయనేంటి, పెళ్ళాం లేచిపోయినట్టు ఏడుస్తున్నాడు?"

"మార్చాడు."

"ఎవర్నడిగి?"

"ఇస్త్రీ చేసి పెట్టిన చొక్కా తొడుక్కునేటప్పుడు నన్నడుగుతాడా?" లనెల్ దుప్పటిని ఒక్క గుంజు గుంజింది. చేలో చేతిలోంచి కొస జారిపోయింది. "ఖాళీ కుర్చీ ముందు కూచుని ఏడిస్తే జనం అయ్యో పాపం అంటారే చేలో. మనిషున్న కుర్చీ ముందు కూచుని ఏడిస్తే, నీకేం తక్కువైందే అంటారు. అందుకని మార్చాడు. వాడికి అయ్యో పాపం కావాలి. నేనెక్కడికో పోయానని చెప్పి నా బాధంతా వాడే పడుతున్నాడు! నేనెక్కడికి పోయాను? నాలుగడుగుల వెనకే కదా చచ్చాను!"

చేలో జారిన కొస వెతికి పట్టుకుంది.

"మా ఆయన రూబెన్ నయం తల్లీ," అంది. "అరుస్తాడు. గిన్నెలు విసురుతాడు. నేనూ విసురుతాను. మొన్న నా మంచి మూకుడు సొట్టపోయింది. కానీ ఇదేంటక్కా, ఇంట్లో గోడ, స్టేజీ ఎక్కితే ఏటిలా పారడమేంటి! నువ్వు చెప్పవే ఎవరికీ?"

"ఎవరికి చెప్పను? ఆయన నోరు తెరిస్తే కౌంటీ ఆడాళ్ళంతా ముక్కులు చీదుతారు. ఇంత మెత్తని మనసున్న మొగుడు దొరికాడు, అదృష్టవంతురాలివి అంటారు. ఏం చెప్పమంటావ్?"

ఆ రోజు దుప్పట్లన్నీ మడత చెడకుండా మడిచింది లనెల్. దవడలు మాత్రం సాయంత్రానికి నొప్పెట్టాయి, పళ్ళు బిగించి బిగించి.

*

శనివారం పొద్దున్న కోల్బీ వచ్చాడు. పక్క కౌంటీ మనిషి, ముప్ఫై దాటి ఉంటాయి. పెద్ద మోత చేసే బ్యాండ్లలో కరెంటు బేస్ వాయిస్తాడు. టీవీ వాళ్ళకు మాత్రం పాతకాలపు చెక్క బేసే కావాలట, చూడముచ్చటగా ఉంటుందట. కోల్బీకి అది లేదు. రాయ్స్ చల్లగా లోపలికి వెళ్ళి లనెల్ బేస్ తెచ్చి గరాజు మధ్యలో నిలబెట్టాడు.

"కాస్త నేర్పు అతనికి," అన్నాడు. "వాల్ట్జ్ మూడు దెబ్బల తాళం పట్టుబడటం లేదట."

బట్టల బుట్ట చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడిన లనెల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ బేస్ మెడ మీద ఆమె బొటనవేలు ఆనే చోట రంగు పోయి చెక్క తేలి ఉంది. ఆ తేలిన చోటే కోల్బీ చెయ్యి ఉంది ఇప్పుడు.

"మీకు ఫర్వాలేదా అండీ?" అన్నాడు కోల్బీ, మెల్లగా.

"ఆ మాట నన్నడిగినవాడివి నువ్వొక్కడివే," అంది లనెల్, బుట్ట కింద పెట్టి.

మూలన స్టీల్ గిటారు ముందు ఎమిల్ కుబేనా కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. చిన్న బల్లలాంటి ఆ వాయిద్యం మీద ఇనప కడ్డీ జార్చి, కిందనున్న పెడల్స్ పాదాలతో తొక్కితే తీగ సాగి మూలుగుతుంది. ఆ మూలుగు కోసమే జనం మైళ్ళు దాటి వస్తారు. ఆయన మాత్రం ఎవరేమడిగినా రెండు మాటలకు మించి ఖర్చు పెట్టడు.

లనెల్ బేస్ అందుకుంది. "మూడు దెబ్బల్లో నీది మొదటిది ఒక్కటే," అంది. "కొట్టు, మోగనీ, అరచేత్తో ఆపు. మిగతా రెండూ ఫిడేలువి. నువ్వు వాటిలోకి వెళ్ళకు. ఖాళీ వదలాలి. ఆ ఖాళీలోనే వాళ్ళు అడుగేసేది." వాయించి చూపిస్తూ, దారి తెలియడం కోసం గొంతులోనే కూనిరాగం తీసింది. మాటలు లేవు, ఉత్త రాగం. తనకు తెలియకుండానే రాగం పైకి వెళ్ళింది, తన గొంతుకు హాయిగా ఉండే చోటికి. బేసూ అటే వెళ్ళింది. మూలనుంచి ఎమిల్ కడ్డీ కూడా ఆమె వెనకాలే ఆ చోటుకి జారి, ఆమె రాగం పక్కన చప్పుడు లేకుండా వచ్చి నిలబడింది.

"ఒక వేలు, ఎమిల్! ఒక వేలు!" అని అరిచాడు రాయ్స్.

మా వైపు బ్యాండుల్లో శ్రుతి చెప్పేది వేళ్ళతోనే. డ్రమ్ముల మోతలో నోటిమాట వినపడి చావదు. ఒక వేలు పైకి చూపితే ఒక శ్రుతి, రెండు చూపితే ఇంకా పైది. పాడేవాళ్ళెవరైనా వెనక్కి తిరిగి బ్యాండుకు చూపిస్తారు. రాయ్స్ తిరగడు. జనం మీద నుంచి చూపు తియ్యకుండా చెయ్యి వీపు వెనక పెట్టి వేలు చూపిస్తాడు, కుక్కను పిలిచినట్టు. 'రెండో కప్పు'కు అతని వేలు ఒకటే.

"అయినా లాగుతున్నావ్, లనెల్," అన్నాడు. "తాళం వెనకపడుతోంది. అందుకే కోల్బీని పెట్టింది."

తాళం వెనకపడటం లేదని గరాజులో అందరికీ తెలుసు. కోల్బీ నేల చూశాడు. ఇబ్బంది పోగొడదామనుకున్నాడో ఏమో, "ఈ పాట ఎలా తట్టింది సార్ మీకు?" అని అడిగాడు.

రాయ్స్ గిటారు కట్టు సవరించుకున్నాడు. గొంతు స్టేజీ గొంతైపోయింది. "ఈమె ఓసారి వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళింది. పొద్దున్నే అలవాటుగా రెండు కప్పులు పోశాను. పోసి, కుర్చీ వంక చూశాను. చూస్తే..." అని గొంతు పూడుకుపోయినట్టు ఆగాడు.

లనెల్‌కి అక్క లేదు. రాయ్స్ ఈ జన్మలో కాఫీ పోసి ఎరగడు.

ఎమిల్ చేతిలోంచి కడ్డీ జారి తీగల మీద కీచుమంది. ఆయన ఒకసారి లనెల్ వంక చూసి, గుడ్డ తీసి తీగలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. లనెల్ బుట్ట తీసుకుని వెనక దొడ్లోకి వెళ్ళింది. దండెం మీద రాయ్స్ చొక్కాలు ఆరేసింది. ఒక్కో చొక్కా విదిలించినప్పుడల్లా చెంపదెబ్బ చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు బాగుందనిపించి, ఆరేసినవే రెండు తీసి మళ్ళీ విదిలించింది.

*

ఆదివారం హాలు కిక్కిరిసింది. చెక్కనేల మీద డాన్సు అడుగులు తేలిగ్గా జారడానికి మొక్కజొన్న పిండి చల్లారు. బయట మాంసం కాలుస్తున్న పొగ కిటికీల్లోంచి లోపలికి వస్తోంది. టీవీ వాళ్ళు స్టేజీ పక్కన దీపాలు నిలబెట్టారు. ముందు వరసలో నీలం గౌనులో లనెల్. బేస్ లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

పక్కన హాబర్లా ముసలమ్మ. ప్రతి ఆదివారం అదే కుర్చీ, అదే చేతిరుమాలు. ఆవిడ భర్త పోయి చాలాకాలమైంది. "ఇవాళ్టికైనా నిన్ను కూర్చోబెట్టాడు తల్లీ, మంచి మనసు," అంది లనెల్ చెయ్యి నిమురుతూ. "అంత బాధ గుండెలో పెట్టుకుని ఎలా తట్టుకుంటాడో, పాపం!"

నోరు తెరిస్తే కేకే వస్తుందని లనెల్‌కి భయం వేసింది.

రాయ్స్ అన్నట్టే చేశాడు. దీపాల వెలుగులో టోపీ తీసి గుండెకు ఆనించి అక్క కథ చెప్పాడు, రెండు కప్పుల కథ చెప్పాడు. "ఈ పాట నేను రాసింది ఈ మనిషి కోసం. లే బంగారం, అందరికీ కనపడు," అన్నాడు.

లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ నిలబడ్డ నాలుగు క్షణాలూ ఒళ్ళంతా కారం పూసినట్టు మండింది ఆమెకు. కూర్చుంది. రాయ్స్ వేలు వీపు వెనక ఒకటి చూపింది, ఎమిల్ తీగ సాగదీశాడు, జంటలు డాన్సు నేల మీదికి వచ్చాయి. మా హాల్లో ఎంత ఏడుపు పాటైతే అంతమంది డాన్సుకు లేస్తారు. దుఃఖం కాళ్ళలోంచి దిగిపోవాలి అన్నట్టు గుండ్రంగా తిరుగుతారు. "ఎదుటి కుర్చీ ఖాళీ..." అన్నాడు రాయ్స్. హాబర్లా ముసలమ్మ రుమాలు కళ్ళకద్దుకుంది. కోల్బీ మొదటి దెబ్బ ఒక్కటే కొట్టి మిగతా రెండూ వదిలాడు, నేర్పినట్టే.

పాట అయ్యాక చప్పట్లు ఓ పట్టాన ఆగలేదు. రాయ్స్ చెమట తుడుచుకుని కెమెరా వైపు నవ్వాడు. "ఇప్పుడు మా హాలు ఆచారం. ఇక్కడ కూచున్న ఎవరైనా సరే, వచ్చి ఒక పాట పాడుకోవచ్చు. నూరేళ్ళుగా ఈ మైకు అడిగినవాళ్ళకి లేదనలేదు. నేనూ అనను. బ్యాండువాళ్ళం మాత్రం కాదు, మాదెప్పుడూ ఉండేదే. ఎవరండీ ఇవాళ?"

లనెల్ చేతుల వంక చూసుకుంది. ఎవరైనా సరే. ఇక్కడ కూచున్నవాళ్ళు. ఇన్నేళ్ళూ ఆ మాట వెనకనుంచి విన్నది. తనకు కాని మాట కాబట్టి పట్టించుకోలేదు. ఇవాళ తను ఇక్కడ కూచుని ఉంది. కూర్చోబెట్టింది ఆయనే.

లేచి మెట్లెక్కింది.

"ఏంటి? ఏం కావాలి?" అన్నాడు రాయ్స్, మైకు మీద అరచెయ్యి మూసి.

"పాడతా."

"పిచ్చా? నువ్వు బ్యాండు మనిషివి."

"ఇవాళ కాదుగా."

అతని నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, కెమెరా చూస్తోంది మరి. హాబర్లా ముసలమ్మ చప్పట్లు కొట్టింది. హాలు కొట్టింది. రాయ్స్ అరచెయ్యి మెల్లగా తీసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

లనెల్ జనం వైపు తిరగలేదు. ముందు ఎమిల్ వైపు తిరిగి, ఆయన కళ్ళలోకి చూస్తూ, గుండెల ఎత్తున రెండు వేళ్ళు చూపింది. ఏ పాటో చెప్పలేదు. ఎమిల్ అడగలేదు. పాదం పెడల్ మీద ఆనించాడు, కడ్డీ పైకి జార్చాడు. హాలంతా ఇందాకే విన్న ఆ మూలుగు మళ్ళీ వచ్చింది, ఈసారి పై నుంచి, ఆమె గొంతు నిలబడగల చోటునుంచి.

"అదే పాటేంటి?" అన్నారెవరో. అయినా జంటలు లేచాయి.

"పొద్దున్నే రెండు కప్పులు పోస్తాను నేను,
ఒకటి నాది, ఒకటి చల్లారేది."

తేనె లేదు ఆ గొంతులో. డ్రయ్యర్ల దగ్గర ఆరిపోయిన గొంతు, ఒక్క మాటనూ సాగదీయకుండా, ఎదురుగా ఉన్న మనిషికి చెబుతున్నట్టు పాడింది. కోపంతోనే పాడింది. కోపం తగ్గించుకోవాలని అనుకోలేదు.

"ఎదుటి కుర్చీ ఖాళీ కాదు... ఎదుటి కుర్చీ ఖాళీ కాదు...
అయినా నా మాట నాకే తిరిగొస్తోంది."

నేల మధ్యలో ఒకావిడ ఆగిపోయింది. భర్త చెయ్యి ఆమె నడుము మీదే ఉంది, అతను ఇంకో అడుగు వేశాడు, ఆమె వెయ్యలేదు. ఆ వెనక జంట వాళ్ళకు తగిలి ఆగింది. గుండ్రంగా తిరుగుతున్న హాలు ఒక్కొక్క జంటే ఆగుతూ వచ్చింది. మగవాళ్ళు బూట్ల వంక చూసుకున్నారు. ఆడవాళ్ళెవరూ కళ్ళు తుడుచుకోలేదు. తలలెత్తి స్టేజీ వంక చూశారు. హాబర్లా ముసలమ్మ రుమాలు ఒళ్ళోకి జారిపోయింది.

లనెల్ వీపు వెనక గిటారు మోగుతోంది. రాయ్స్ వాయిస్తున్నాడు. ఏం చేస్తాడు మరి? పాట మధ్యలో ఆపితే టెక్సస్ మొత్తం చూస్తుంది. తన పాట కాని పాటకు, తన మీద పాటకు, తీగ తీగా మీటుతూ వెనక నిలబడ్డాడు.

పాట అయిపోయింది. చప్పట్లు లేవు. పైన ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు.

రాయ్స్ మైకు మీదికి వంగాడు. "మా ఆవిడ... మా ఆవిడకి సరదా ఎక్కువ," అని నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు.

"తాళం వెనకపడుతోంది నీది," అంది లనెల్, అతనికి మాత్రమే వినపడేట్టు. "చూసుకో."

అప్పుడు ముందు వరసలోంచి హాబర్లా ముసలమ్మ లేచింది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ఇన్నేళ్ళూ పోయిన భర్త కోసమే ఏడుస్తోందని మేమంతా అనుకున్న మనిషి.

"మళ్ళీ పాడు తల్లీ," అంది గట్టిగా. "మా ఆయనా ఉన్నన్నాళ్ళూ ఎదురుగానే కూచునేవాడు."

"పాడమ్మా!" అంది నేల మీద ఆగిపోయిన ఆవిడ. తర్వాత ఇంకో గొంతు. ఆ తర్వాత లెక్క తెలియలేదు.

ఎమిల్ కడ్డీ చేతిలోకి తీసుకున్నాడు. కోల్బీ బేస్ నిటారుగా నిలబెట్టాడు. రాయ్స్ ఒక్కడే అందరి వంకా చూస్తూ, ఏ శ్రుతిలో వాయించాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"ఇదేగా?" అన్నాడు చివరికి, ఆమె వీపుతో. "ఇందాకటిదేనా?"

లనెల్ వెనక్కి తిరగలేదు. జనం మీద నుంచి చూపు తియ్యకుండా, నీలం గౌను నడుము దగ్గర చెయ్యి వెనక్కి పెట్టి, రెండు వేళ్ళు చూపింది.

ఎమిల్ తీగ సాగింది. ఒక్క దెబ్బ ఆలస్యంగా, వెనకనుంచి రాయ్స్ గిటారు వచ్చి కలిసింది.